మద్దెల నిజంగా ఓడేనా?

బేస్ గిటార్ మార్చాలా, ఉంచుకోవాలా అని అడిగేవాళ్లు ఒక్క గుక్కలో నాలుగు ఫిర్యాదులు చెబుతారు. ఐదో ఫ్రెట్ దగ్గర తీగ గరగరమంటోంది. నాలుగు గంటల పెళ్లి కచేరీ అయ్యేసరికి భుజం పడిపోతోంది. కొత్త పాటలకు ఐదు తీగలది తెమ్మంటున్నారు. మొన్న షాపులో ఒకటి చేతిలోకి తీసుకుంటే భలే పలికింది. ఇంతా చెప్పి, చివర్న గొంతు తగ్గించి, "కానీ దీన్ని అమ్మాలంటే చెయ్యి రావడం లేదు" అంటారు.

ఇరవై రెండేళ్ల కిందట సికింద్రాబాదులో సెకండ్ హ్యాండ్‌లో కొన్న నా నాలుగు తీగల బేస్ గురించి నేనూ ఇవే మాటలు ఇదే వరసలో అన్నాను. ఈ ఐదూ ఒకే కోర్టులో తేలే వ్యాజ్యాలు కావని తర్వాత గాని తెలిసిరాలేదు. గరగర సంగతి మరమ్మతు చేసేవాడు తేల్చాలి. భుజం సంగతి ఒళ్లు తేల్చాలి. ఐదో తీగ సంగతి పాట తేల్చాలి. షాపులో పలికింది కోరిక, అమ్మనివ్వనిది మమకారం. ఐదింటినీ ఒక మూటగా కట్టి అడిగితే, ఆ వారం ఏది ఎక్కువ బాధపెడుతోందో అదే తీర్పు చెప్పేస్తుంది.

"ఆడలేక మద్దెల ఓడు" అని మనవాళ్లు ఊరికే అనలేదు. అయితే ఆ సామెత మద్దెల తరఫు వాదన ఒక్కటే వినిపిస్తుంది. మద్దెల నిజంగా ఓడైపోయే రోజూ ఒకటి ఉంటుంది. దాన్ని ఎలా గుర్తుపట్టాలన్నదే ఇక్కడి చర్చ.

రేడియో మెకానిక్ చేసిన వాయిద్యం

ఈ వాయిద్యం పుట్టుకలోనే మన ప్రశ్నకు కొంత జవాబుంది. 1930లలో అమెరికాలోని సియాటిల్‌లో పాల్ టుట్‌మార్క్ ఆడియోవాక్స్ పేరుతో ఒక విద్యుత్ బేస్ చేశాడు గాని అది ఎక్కువ మందికి చేరలేదు. 1951లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ నుంచి లియో ఫెండర్ తెచ్చిన ప్రెసిషన్ బేస్‌తోనే కథ మొదలైంది. అప్పటిదాకా నిలువెత్తు డబుల్ బేస్‌ను ఊరూరా మోసుకెళ్లి, తీరా వాయిస్తే డ్రమ్స్ హోరులో వినపడక అవస్థపడినవాళ్లకు యాంప్‌లోంచి గట్టి గొంతు వచ్చింది. ఫ్రెట్లుండటంతో వేలు శ్రుతి తప్పే బెడద కూడా తీరింది. ప్రెసిషన్ అన్న పేరు ఆ ఫ్రెట్ల పుణ్యమే.

ఫెండర్‌కు గిటార్ వాయించడం రాదు. ఆయన 1938 నుంచి ఆ ఊళ్లోనే రేడియోలు బాగుచేసే దుకాణం నడిపిన మనిషి. ఏ వస్తువైనా ఎప్పుడో ఒకప్పుడు చెడి బల్ల మీదికి వస్తుందని తెలిసినవాడు కాబట్టి నెక్‌ను బాడీకి జిగురుతో అతికించలేదు, స్క్రూలతో బిగించాడు. నెక్ పాడైతే విప్పి మరొకటి వేసుకోవచ్చు. పికప్, బ్రిడ్జ్, ట్యూనర్లు, లోపలి వైరింగ్ అన్నీ అదే తీరు. 1957లో ప్రెసిషన్ పికప్ రెండు ముక్కలై నేటి రూపానికి వచ్చింది. 1960లో సన్నటి నెక్‌తో జాజ్ బేస్ వచ్చింది. ఈనాడు దుకాణాల్లో వేలాడే బేస్‌లలో చాలావాటికి ఈ రెండే తాతలు.

ఈ పద్ధతి మనకు కొత్తేమీ కాదు. మృదంగానికి చర్మపు మూతలు ఎన్నిసార్లో మారతాయి, పనసకర్ర కట్టె మాత్రం తరాల తరబడి నడుస్తుంది. వీణ మెట్లను మైనంలో నిలబెడతారు. మైనం జారి స్వరం పక్కకు పోతే మళ్లీ మేళం కట్టిస్తారు. మెట్టు అపశ్రుతి పలికిందని వీణనే మార్చేసిన వైణికుణ్ని నేను చూడలేదు. బేస్ గిటార్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఫోనుకు పట్టిన బుద్ధే దీనికీ పడుతుంది: ఏదో తేడాగా ఉంది, కొత్తది కొందాం.

గరగర ఎక్కడిది?

బేస్‌లో అన్నిటికన్నా లావైన 'ఇ' తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది, అంటే మామూలు గిటార్ 'ఇ' కన్నా ఒక స్థాయి కింద. అంత మంద్రంలో పలకాలంటే తీగ లావుగానూ పొడుగ్గానూ ఉండాలి. మామూలు బేస్‌లో నట్ నుంచి బ్రిడ్జ్ దాకా 34 అంగుళాలు. శ్రుతి చేశాక నాలుగు తీగలూ కలిసి నెక్‌ను దాదాపు 80 కిలోల బలంతో లాగుతుంటాయి. రాత్రీ పగలూ ఒక మనిషి ఆ కర్రను పట్టుకు వేలాడుతున్నట్టే. దానికి ఎదురు నిలిచేది నెక్ లోపల దాచిన ట్రస్ రాడ్ అనే ఉక్కు కడ్డీ.

కర్ర గాలిలో తేమను పీలుస్తుంది, వదులుతుంది. ఇలాంటి వాయిద్యాలకు 45 నుంచి 55 శాతం తేమ హాయి అని తయారీదార్లు చెబుతారు. మన కోస్తా గాలి ఏడాదిలో చాలా నెలలు దానికి మించే ఉంటుంది. ఏసీ గది దాన్ని పొడిచేస్తుంది, వేదిక దగ్గరి ఉక్కపోత మళ్లీ తడిపేస్తుంది. జూన్‌లో బాగున్న బేస్ ఆగస్టులో గరగరమంటే దానికి ముసలితనం వచ్చేసిందని అర్థం కాదు. సమతూకం కాస్త జరిగింది, అంతే.

ఈ పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. లావు తీగను మొదటి ఫ్రెట్ దగ్గర ఒక వేలితో, నెక్ బాడీని కలిసే చోట ఇంకో వేలితో నొక్కాలి. ఏడు, ఎనిమిది ఫ్రెట్ల దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య మందపాటి విజిటింగ్ కార్డు పట్టేంత, అంటే మిల్లీమీటరులో మూడో వంతు సందు కనిపించాలి. సందే లేకపోతే నెక్ వెనక్కి వంగింది, మరీ ఎక్కువుంటే ముందుకు వంగింది. ట్రస్ రాడ్‌ను ఒక్కసారికి పావు చుట్టు మించకుండా తిప్పి, కర్ర సర్దుకోవడానికి ఒక రోజు ఇవ్వాలి. బిగుసుకుపోతే బలవంతం చేయకుండా తెలిసినవాడి దగ్గరికి వెళ్లాలి.

రెండో అనుమానితుడు తీగ. 1966లో ద హూ బృందపు బేసిస్ట్ జాన్ ఎంట్విసిల్, రోటోసౌండ్ కంపెనీ కలిసి రూపుదిద్దిన గుండ్రటి చుట్టు తీగలు బేస్‌కు పియానో లాంటి తళుకునిచ్చాయి. ఆ తళుకే మొదట చచ్చిపోతుంది. చెమట, జిడ్డు చుట్ల మధ్య చేరితే తీగ మొద్దుబారుతుంది. డబ్బుల్లేని రోజుల్లో తీగలు విప్పి నీళ్లలో మరిగించి మళ్లీ బిగించని బేసిస్టులు తక్కువ. మరి షాపులో కొత్త బేస్ భలే పలికిందన్నప్పుడు, దానికున్నవి కొత్త తీగలనీ మన దానివి రెండేళ్ల నాటివనీ గుర్తుంటుందా? ఆ పోలికే తప్పు.

మూడోది వైరింగ్. వాల్యూమ్ తిప్పినప్పుడు చిటపటలు వస్తే పాట్‌లో దుమ్ము చేరినట్టు. మాట మధ్యలో మూగబోతే ముందు చూడాల్సింది జాక్. కాంటాక్ట్ క్లీనర్‌తో, చుక్క సోల్డర్‌తో పోయే జబ్బులివి. నాలుగోది ఫ్రెట్లు. నికెల్ సిల్వర్ అంటారు గాని అందులో వెండి లేదు, ఉన్నది రాగి, నికెల్, జింక్. ఏళ్ల తరబడి ఉక్కు తీగ రాసుకుంటే గాడి పడుతుంది. సమం చేయించవచ్చు, మరీ అరిగితే కొత్తవి వేయించవచ్చు. మన ఊళ్లలో తీగలు మార్చేవాళ్లు దొరికినంత తేలిగ్గా ఫ్రెట్లు వేసే చెయ్యి దొరకదు. "ఇది పోయింది, కొత్తది తీసుకోండి" అన్న సలహా వెనక ఒక్కోసారి ఉన్నది ఆ కొరతే.

ఓడైన మద్దెల

ఇవన్నీ చేయించినా నిలబడే జబ్బులు కొన్ని ఉన్నాయి. నెక్‌ను తుపాకీ గురి చూసినట్టు చివరి నుంచి చూస్తే, ముందుకో వెనక్కో వంగడం వేరు, తాడులా మెలి తిరగడం వేరు. వంపును ట్రస్ రాడ్ సరిచేస్తుంది, మెలిని చేయలేదు. రాడ్ పూర్తిగా బిగించేసినా నెక్ ముందుకే వస్తుంటే దాని బలం అయిపోయినట్టు. స్క్రూలతో బిగించిన నెక్ అయితే మార్చుకోవచ్చు. అతికించిన నెక్, లేదా బాడీ గుండా సాగిపోయే నెక్ అయితే పని పెద్దది.

జబ్బులా కనిపించే పుట్టుమచ్చలు కూడా ఉంటాయి. ఫెండర్ తరహా బేస్‌లలో చాలావాటికి సన్నటి 'జి' తీగ మీద ఐదు నుంచి ఏడో ఫ్రెట్ మధ్య ఒక స్వరం తక్కినవాటిలా నిలవదు, టప్పున ఆరిపోతుంది. నెక్ తన సొంత కంపనంతో ఆ స్వరం శక్తిని మింగేయడం దీనికి కారణం. తల భాగానికి కాస్త బరువు తగిలిస్తే ఆ చోటు జరుగుతుంది గాని పోదు. దీనికోసం బేస్ మార్చితే కొత్తదానిలోనూ అదే ఎదురుకావచ్చు.

మరమ్మతు ఖర్చు బేస్ అమ్మకపు ధరను దాటితే వదిలేయమని లెక్క తెలిసినవాళ్లు చెబుతారు. వ్యాపారికి ఆ లెక్క సరైనదే. వాయించేవాడికి కొలబద్ద వేరు: ఇదే చేతివాటం, ఇదే పలుకు ఉన్న మరో బేస్ వెతికి కొనడానికి ఎంతవుతుంది? మామూలు సెకండ్ హ్యాండ్ బేస్‌కు మార్కెట్లో వచ్చేది తక్కువ, దానికి సాటి దొరకబుచ్చుకోవడానికి అయ్యేది ఎక్కువ. అందుకే అమ్మకపు ధరను దాటిన మరమ్మతు కూడా ఒక్కోసారి చవకే.

ఒళ్లు, పాట

భుజం ఫిర్యాదుకు మాత్రం నేను ఎదురు చెప్పను. చాలా బేస్‌లు మూడున్నర నుంచి నాలుగున్నర కిలోల మధ్య తూగుతాయి. ఇరవై ఏళ్లప్పుడు తెలియని ఆ కిలో తేడా యాభై ఏళ్లప్పుడు ప్రతి రాత్రీ పలకరిస్తుంది. వెడల్పాటి పట్టీతో కొంత ఊరట. చాలకపోతే 30 అంగుళాల పొట్టి బేస్‌లున్నాయి. 1980 ప్రాంతంలో నెడ్ స్టైన్‌బర్గర్ తలే లేకుండా, కార్బన్ ఫైబర్‌తో చేసిన బేస్ కూడా బరువు, తూకం అన్న ప్రశ్నలకు జవాబుగా వచ్చిందే. ఒంటికి హాని చేసే వాయిద్యాన్ని మమకారంతో మోయడం త్యాగం అనిపించుకోదు.

పాట అడిగే మార్పును ఇంకాస్త నిలదీయాలి. ఐదు తీగల బేస్‌లో అడుగున ఉండే 'బి' సుమారు 31 హెర్ట్జ్. ఫోన్లో పాట వినేవాడి చెవికి ఆ మూల స్వరం చేరదు, దాని పై హార్మోనిక్స్ విని మెదడే ఊహించుకుంటుంది. నాలుగు తీగలదానికే లావు తీగలు వేసి బి, ఇ, ఎ, డి శ్రుతి చేసుకునేవాళ్లున్నారు. అలా వేస్తే నట్ గాళ్లు, సెటప్ మార్చాలి, పైన ఒక తీగ పోతుంది. ఆ నష్టం రోజూ తగులుతుంటే ఐదో తీగ నిజంగానే అవసరం.

పాటే వాయిద్యాన్ని మార్పించిన సందర్భానికి బేసిస్ట్ ఆంథొనీ జాక్సన్‌ను మించిన ఉదాహరణ లేదు. చెవిలో వినిపిస్తున్న సంగీతానికి నాలుగు తీగలు చాలక, ఆరు తీగల కాంట్రాబేస్ గిటార్‌ను ఊహించాడు. 1975లో కార్ల్ థాంప్సన్ చేత మొదటిది చేయించాడు. అక్కడితో ఆగకుండా ఒక తయారీదారు నుంచి మరొకరికి వెళ్తూ, చివరికి ఫోడెరా దగ్గర తనకు కావలసిన రూపాన్ని ఏళ్ల తరబడి చెక్కించుకున్నాడు. ఆయన మార్పుకు మూలం పాతదానిలో లేని స్వరం.

మన చెవుల సంగతి చూస్తే, బేస్ అన్న పేరు తెలియకముందే దాని రుచి తెలిసింది. ఇళయరాజా పాటల్లో శశిధరన్ బేస్, రెహమాన్ పాటల్లో కీత్ పీటర్స్ బేస్ వింటూ పెరిగిన తరం ఇది. ఆ పాటలు వేదిక మీద వాయించాలనుకునేవాడు ముందు తేల్చుకోవాల్సింది తీగల లెక్క కాదు. గాయకుడి వరస పక్కనే సొంత వరస అల్లుకుంటూ సాగే ఆ నడక తన చేతికి వచ్చిందా అన్నది. అది రానంతవరకూ ఐదో తీగ బొటనవేలు ఆన్చుకోవడానికి పనికొస్తుంది.

పాతది గొప్పదా, కొత్తది వింతా?

ఇక్కడ రెండు పక్షాలున్నాయి. పాత కర్ర పలుకే వేరు, ఎన్నటికీ అమ్మకు అనేది ఒకటి. వాయిద్యం పనిముట్టు, మొండిబారితే మార్చు అనేది రెండోది. మొదటి పక్షానికి మార్కెట్ బలముంది. ఫెండర్ తన కంపెనీని 1965లో సీబీఎస్‌కు అమ్మాడు, అంతకు ముందు తయారైన బేస్‌లకు సేకర్తలు భారీగా చెల్లిస్తారు. అయితే ఆ ధర అరుదుకూ చరిత్రకూ కలిపి కట్టేది, పలుకు ఒక్కదానికే కాదు.

పలుకు సంగతి వయొలిన్ల దగ్గర పరీక్షించారు. క్లాడియా ఫ్రిట్జ్, జోసెఫ్ కర్టిన్ బృందం 2010లో ఇండియానాపొలిస్‌లో 21 మంది వాద్యకారుల చేతికి, ముదురు కళ్లద్దాలు పెట్టి, స్ట్రాడివేరియస్ తరం వయొలిన్లనూ కొత్తవాటినీ ఇచ్చింది. ఎక్కువమంది కొత్తవాటివైపే మొగ్గారు. తర్వాత పేరున్న పది మంది సోలోయిస్టులతో చేసినప్పుడు కూడా ఏది పాతదో ఏది కొత్తదో నమ్మకంగా చెప్పలేకపోయారు. కర్ర పెట్టే స్వయంగా పలికే వయొలిన్‌లోనే ఇలా ఉంటే, తీగ కంపనాన్ని అయస్కాంతం పట్టి యాంప్‌కు పంపే బేస్‌లో "పాత కర్ర" వాదన ఇంకా పలచబడుతుంది. కర్ర ప్రభావం అసలే లేదనడం అతి. తీగలు, పికప్, అది ఉన్న చోటు, వాయించే వేళ్లు, వీటి తర్వాతే దాని వంతు అనడం న్యాయం.

రెండో పక్షం కూడా తేలిగ్గా గెలవదు. 1990లో డేనియల్ కానెమన్, జాక్ నెచ్, రిచర్డ్ థేలర్ ప్రచురించిన కాఫీ కప్పుల ప్రయోగంలో, కప్పు చేతికొచ్చినవాళ్లు దాన్ని అమ్మడానికి అడిగిన ధర, లేనివాళ్లు కొనడానికి ఇస్తామన్నదానికి సుమారు రెట్టింపు. నిమిషాల కిందట చేతికొచ్చిన కప్పుకే అంత మమకారమైతే ఇరవై రెండేళ్ల బేస్ సంగతి చెప్పాలా? దీన్ని ఆర్థికశాస్త్రం పొరపాటు ఖాతాలో వేస్తుంది. వాయించేవాడి విషయంలో అది పూర్తిగా పొరపాటు కాదు. చీకటి వేదిక మీద చూడకుండా ఏడో ఫ్రెట్‌కు వెళ్లే చెయ్యి ఆ నెక్ కొలతలను కండరాల్లో రాసుకుంది. ఆ రాత తుడిచి మళ్లీ రాయడానికి నెలలు పడుతుంది. "కొత్తొక వింత, పాతొక రోత" అన్న లెక్కలో ఆ నెలల ఖర్చు కనిపించదు.

నలుగురు బేసిస్టుల దారులు

మోటౌన్ పాటల వెనక మూలస్తంభం జేమ్స్ జేమర్సన్ 1962 నాటి ప్రెసిషన్‌తోనే ఆ చరిత్రలో చాలా భాగం వాయించాడు. తీగ తెగితే తప్ప మార్చేవాడు కాదని ప్రతీతి. తళుకు చచ్చిన ఆ బరువైన తీగలే ఆయన పలుకు. మార్కస్ మిల్లర్ 1977 నాటి జాజ్ బేస్‌ను వదలకుండానే లోపల మార్చాడు. గిటార్లు చేసే రోజర్ సాడోస్కీ దానిలో ప్రీఆంప్ అమర్చాక వచ్చిన పలుకే ఆయన గుర్తు అయింది. ఎంట్విసిల్ మరీ ముందుకెళ్లి, 1967లో ఐదు ప్రెసిషన్ బేస్‌ల ముక్కలను కలిపి ఒకటి చేసుకుని ఫ్రాంకెన్‌స్టైన్ అని పేరుపెట్టాడు. ఇందులో ఏది ఉంచుకోవడం, ఏది మార్చడం?

నాలుగోవాడు జాకో పాస్టోరియస్. 1962 నాటి జాజ్ బేస్‌కు ఫ్రెట్లు లేకుండా చేసి, పైన పడవలకు పూసే ఎపాక్సీ పూసి, విద్యుత్ బేస్ ఇలా కూడా పాడగలదని చూపించాడు. అది ముక్కలైతే అతికించి బాగుచేశారు. 1986లో న్యూయార్క్‌లో దొంగలపాలైంది, మరుసటి ఏడాది ఆయనా పోయాడు. ఇరవై ఏళ్లకు బేస్ బయటపడ్డాక, మెటాలికా బేసిస్ట్ రాబర్ట్ ట్రుజిలో డబ్బు సాయంతో 2010లో కుటుంబానికి చేరింది.

తీర్పు

నా తీర్పు వరస ఇది. ముందు కొత్త తీగలు, సెటప్, వైరింగ్ శుభ్రం. తర్వాత రెండు వారాలు వాయించి, ఫిర్యాదుల చిట్టా మళ్లీ రాయాలి. మిగిలింది ఒంటి ఫిర్యాదైతే మార్చండి, సందేహించకండి. పాట ఫిర్యాదైతే ఎవరిదైనా ఐదు తీగలది నెల రోజులు అరువు తెచ్చుకుని, అడుగు తీగ ఎన్ని పాటల్లో నిజంగా మోగిందో లెక్కపెట్టండి. కోరికైతే రెండు బేస్‌లకూ ఒకే రకం కొత్త తీగలు వేసి, ఒకే యాంప్‌లో, ఒకే వాల్యూమ్‌లో రికార్డు చేసి, ఏది ఏదో చెప్పకుండా మరొకరిచేత వినిపించుకోండి. వాల్యూమ్ సమానం చేయడం మరవకండి, రవ్వంత గట్టిగా వినిపించేదే మేలనిపించడం చెవి స్వభావం. నెక్ మెలి తిరిగితే, అది ఓడైన మద్దెలే. ఏ దారిలో వెళ్లినా, కొత్తది వచ్చిన వారంలోనే పాతది అమ్మకండి.

నా చిట్టాలో రెండు వారాల తర్వాత మిగిలింది భుజం ఒక్కటే. పొడుగాటి పెళ్లి కచేరీల కోసం తేలికపాటి పొట్టి బేస్ ఒకటి కొన్నాను. పాతది ఎక్కడ పెట్టాలన్నప్పుడు ఇంట్లో అటక చూపించారు. అప్పుడు నాకు పాల్ మెకార్ట్నీ బేస్ గుర్తొచ్చింది. ఆయన 1961లో హాంబర్గ్‌లో కొన్న హోఫ్నర్‌ను 1972లో లండన్‌లో ఒక వ్యాను నుంచి దొంగిలించారు. అది చివరికి ఓ ఇంటి అటక మీద దొరికి 2024లో ప్రపంచానికి కబురు తెలిసింది. ఆ ఏడాది డిసెంబరులో లండన్ వేదిక మీద ఆయన మళ్లీ దాన్ని వాయించాడు. అయితే దొరికిన వెంటనే కాదు, మరమ్మతు చేశాకే అది వాయించడానికి పనికొచ్చింది.

అటక ఎవరి బేస్‌నూ కాపాడదు. నాది గోడకు, చేతికందే ఎత్తులో, శ్రుతి చేసి ఉంది. రోజూ పొద్దున కాఫీ మరిగేలోపు ఓ పది నిమిషాలు దాని మీదే వేళ్లాడిస్తాను. ఆ పది నిమిషాలు ఆగిపోయిన రోజున, దాన్ని వాయించే మనిషిని వెతికి ఇచ్చేస్తాను.